గోడలోని గూడు

“అక్కా, మా ఆయనను సాయంత్రం ఠాణాకు రమ్మన్నరు. జైల్ల ఏస్తరా?” అంటూ నిజామాబాద్‌లోని ప్రైవేట్ డిటెక్టివ్ స్నేహలత ఆఫీసులో కుర్చీలో కూలబడింది గ్రేస్. వెనక నిలబడ్డ ఆమె భర్త పాల్ రాజ్ తల ఎత్తలేదు.

పాల్ రాజ్ ప్యానెల్ ఇళ్లు కట్టే మేస్త్రీ. రెండు చెక్క పలకల మధ్య థర్మాకోల్ నింపిన ప్యానెళ్లను గోడలుగా నిలబెట్టి, లోపలి వైపు జిప్సం బోర్డు బిగిస్తాడు. బోధన్ దారిలో బాపురావు అనే రైతుకు అలాంటి ఇల్లే కట్టాడు. నిన్న మధ్యాహ్నం అందులో పూజగదికి నిప్పంటుకుంటే చుట్టుపక్కల రైతులు ఆర్పారు. పనికిరాని వైరు వేసి కొంప కాల్చాడని బాపురావు ఫిర్యాదు చేశాడు. ఆ మాట నిలిస్తే పాల్ రాజ్‌ను ఇంకెవరూ పనికి పిలవరు.

స్నేహలత వెంటనే అందరినీ కారెక్కించింది. ఆమె తెలివి సంగతి ఆమె సహాయకుడు శ్రావణ్‌ని అడగాలి, అన్నం మానేసైనా చెబుతాడు.

చెరకు తోటల నడుమ ఆ ఇల్లు చక్కగానే నిలబడి ఉంది. పూజగదిలో మాత్రం ఒక గోడ బొగ్గయింది. ఎదుటి గోడకున్న వైరు పైపు మసిబారింది గానీ కరగలేదు. మిగిలిన గోడలకు పసుపు రంగు ఇంకా కనిపిస్తోంది. కాలిన గోడ అవతల పడకగది. అక్కడ జిప్సం బోర్డు గోధుమరంగుకు తిరిగిందే తప్ప పగలలేదు.

“మంటలప్పుడు యాడున్నవ్ అవ్వా?” బాపురావు భార్య రుక్మాబాయిని అడిగింది స్నేహలత.

“గీ గోడ పక్కనే పండుకున్న బిడ్డా. పొగవాసనకు లేసి బయటికి ఉరికిన.”

“దీపం యాడ పెట్టినవ్?”

రుక్మాబాయి భర్త వైపు చూసింది. “కింద, పీట మీద,” అన్నాడు బాపురావు చప్పున.

పెరటి వసారాలో చింతపండు కుండ మీద చదరపు పలక ఒకటి మూతగా ఉంది. ఒక వైపు పసుపు రంగు. స్నేహలత దాన్ని చేతిలోకి తీసుకుంది. “మూతే గదా మేడమ్!” అన్నాడు శ్రావణ్. ఆమె నవ్వి కొట్టంలోకి వెళ్లి, అక్కడ వేలాడుతున్న రంపం పళ్లను వేలితో తుడిచింది. తెల్లటి పొడి అంటింది.

తర్వాత అందరినీ వాకిట్లో కూర్చోబెట్టి ఆ మూతను మధ్యలో పెట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, బాపురావు కండువా సర్దుకున్నాడు.

“కాకా, వైర్లు ఎదుటి గోడల ఉన్నయ్. పైపే కరగలే. మంట ఈ గోడ లోపలనే పుట్టింది. థర్మాకోల్‌కు జిప్సం బోర్డే కాపలా. ఈ మూత ఆ బోర్డు ముక్కనే. రంగేసింది బోర్డులు బిగించినంక గదా? అంటే తయారైన గోడను కోసిన్రు. మసి అంటలే, అంటే మంటకు ముందే కోసిన్రు. నీ రంపానికి ఈ బోర్డు పొడి ఇంక అంటుకొనే ఉన్నది. బోర్డు ఎనక చెక్కను గూడ కోసి, గోడల గూడు చేసి దీపం పెట్టిన్రు. సెగకు లోపలి థర్మాకోల్ కరిగి అంటుకున్నది.”

అబ్బ, ఏం బుర్ర! శ్రావణ్ చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

“నేనే అడిగిన బిడ్డా,” రుక్మాబాయి ఏడ్చేసింది. “పాతింట్ల దీపం గూడుండె. అది లేక మనసొప్పలే.”

“కోసింది నేను,” అన్నాడు బాపురావు. “నా ఇల్లు నేనే కాలవెట్టుకున్ననంటే ఊరంత నవ్వుతదని...”

“ఇంకోటి ఇను కాకా. గోడ లోపలంత కాలింది. పడకగది దిక్కు బోర్డు ఒక్కటే నిలబడ్డది. అవ్వ లేసి బయటపడేదాంక మంటను ఆపింది అదే. దాన్ని సందు లేకుంట బిగించింది గీ పాల్ రాజే.”

రుక్మాబాయి లేచి వెళ్లి పాల్ రాజ్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. గ్రేస్ వెక్కివెక్కి ఏడ్చింది.

బాపురావు మోటారు సైకిల్ బయటికి తీశాడు. “పాల్ రాజ్, బండెక్కు బిడ్డా. ఠాణాకు పోదాం. నువ్వేం మాట్లాడకు, తప్పు నాదని నేనే చెప్త.”