ఒకే వాకిలి, రెండు పొయ్యిలు

"మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగిన పాపానికి తిప్పేస్వామికి ఆ పొద్దు చీపురుకట్ట ఎదురైంది.

"పిల్లోళ్ళను ఎవురన్నా ఎంచుతారా అయివారూ? దిష్టి తగలదూ?" వాకిలి ఊడుస్తున్న అంజనమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

1981 ఫిబ్రవరి. బత్తలపల్లె దగ్గరి ఆ పల్లెలో బడి అయివారే జనాభా లెక్కల మనిషి కూడా. ఊరంతా ఒక్కసారే తిరిగిన తిప్పేస్వామి, ఈ ఇంటికి మాత్రం మూడోసారి వచ్చాడు. మొదటి రెండుసార్లూ పెన్నులో ఇంకు లేదన్నాడు.

"సర్కారు ఎంచితే దిష్టి తగలదులే. ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక కుటుంబం. మీకెన్ని పొయ్యిలు?"

అంజనమ్మ ముఖం వాడిపోయింది. నిరుడు వాన మొండికేసి చెనిక్కాయ పంట ఎండినప్పుడు, ఆమె నాయన హనుమంతరాయుడు, చిన్నాయన గంగప్ప మాటామాటా అనుకుని, ఒకే వాకిట్లో చెరో మూలా పొయ్యి పెట్టుకున్నారు. అప్పట్నుంచీ మాటల్లేవు.

"రెండు. కానీ ఒకటే రాయండి. సర్కారు కాయితంలో రెండని పడితే చిన్నాయన ఇంక కలవడు. వాళ్ళు కలిసేదాకా పెండ్లి చేసుకోనని మొక్కుకున్యా."

"అయ్యో! ఎన్నాళ్ళు పడుతుందో?"

"మీకెందుకూ?"

"ఫారంలో రాయాల."

"యాడుండాది? చూపీండి!"

ఎక్కడా లేదు. ఆమె పైట అడ్డం పెట్టుకుని నవ్వింది.

దొంగలెక్క రాయలేడు. రెండని రాయడానికి చెయ్యి రాదు. తిప్పేస్వామి అన్నదమ్ములిద్దర్నీ వాకిట్లోకి పిలిచాడు.

"పొద్దున ఎవరి పొయ్యి మీది తిన్నారన్నా? నిజం చెప్పాల."

గంగప్ప నేల చూపులు చూశాడు. "మా వదిన చేసిన సంగటి. మాయమ్మ కొంగు చాటున తెచ్చి పెడితే తింటి."

హనుమంతరాయుడు ఉలిక్కిపడ్డాడు. "అట్లయితే నాకు దినామూ వచ్చే ఊరుబిండి పచ్చడి?"

"అది నేను నూరిందే బావా," లోపలినుంచి గంగప్ప భార్య గొంతు.

అరుగు మీది ముసలమ్మ ఓబమ్మ కస్సుమంది. "ఇన్నాళ్ళుగా ఆ మూలకూ ఈ మూలకూ మోసి నా నడుము ఇరిగింది కదరా!"

ముందు గంగప్ప నవ్వాడు. తర్వాత అన్న.

"ఒకటే రాయప్పా," అన్నాడు హనుమంతరాయుడు. "పదకొండుమందిమి."

ఇంటి పెద్ద ఎవరంటే ఇద్దరూ తల్లినే చూపించారు. రాయడమైపోయినా తిప్పేస్వామి లేవలేదు.

"ఇంకేముండాది?" అంది ఓబమ్మ.

"అవ్వా, పెద్దదానివి నువ్వే కాబట్టి నిన్నే అడగాల. ఈ పదకొండుమందిలో ఒకరిని నా ఇంటికి పంపుతావా?"

అంజనమ్మ చప్పున తలుపు వెనక్కి తప్పుకుంది.

ఓబమ్మ అతని నాయన పేరు, ఊరు, ఇంటిదేవుడు, అన్నీ అడిగింది. "చుట్టరికం కుదురుతాది," అని తలుపు వైపు తిరిగింది. "ఏమే, నీ మాటేంది?"

అంజనమ్మ నిప్పుల పెంకు పట్టుకుని బయటికొచ్చింది. బుగ్గలు ఎర్రబడ్డాయి.

"ఉగాదిదాకా అందరికీ ఒకే పొయ్యి మీద నేనే వండిపెట్టాల. ఆపైన పోతానని చెప్పు అవ్వా."

తిప్పేస్వామి వైపు ఒక్క చూపు విసిరి, చిన్నాయన పొయ్యిలోని నిప్పులు తమ పొయ్యిలోకి తేవడానికి వాకిలి దాటింది.