పదకొండో మలుపు దాటాక ఒక గది

పొద్దున్నే ఆమె టీ గ్లాసు పట్టుకుని ఇంటి పక్క షెడ్డులోకి వెళ్ళేసరికి, భర్త లారీ ఇంజను మూత ఎత్తి, ఆయిలు పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి మళ్ళీ ముంచి చూసుకుంటున్నాడు. ఇరవై రెండేళ్ళ లారీ అది, కూతురికంటే ఏడాది చిన్నది. రెండు నెలలుగా భాగాలన్నీ విప్పదీసి ఉంటే, మొన్ననే మళ్ళీ లేచి నిలబడింది. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు, పాతదానికంటే పెద్ద టర్బో. స్టార్టు చేస్తే గొంతు కూడా మారిపోయింది.

ఆ లారీ గురించి ఆమెకు తెలియని సంగతి లేదు. అందులో ఒక్కసారి కూడా ఎక్కలేదు, అంతే.

అతను వారంలో ఐదు రోజులు రోడ్డుమీదే ఉంటాడు. కొండదారి ఎక్కి, అవతలి వైపు ఊళ్ళకి సిమెంటో కలపో చేరవేసి వస్తాడు. సాయంత్రం ఎక్కడ ఆగితే అక్కడి నుంచి ఫోను చేస్తాడు. మూడో గేరులో బండి వణుకుతోందనో, క్లచ్చి జారుతోందనో చెబితే ఆమె శ్రద్ధగా వినేది. మర్నాడు వీధి చివర గ్యారేజీకి వెళ్ళి అడిగేది. అక్కడి ముసలి మెకానిక్కుని అందరూ మేస్త్రీ అంటారు. ఆయన చెప్పిన జవాబు సాయంత్రానికి మళ్ళీ ఫోనులో భర్తకి చేరేది. అలా వింటూ, చేరవేస్తూ ఆమెకే సగం మెకానిక్కు పని వంటబట్టింది. ఆయిలు ఎప్పుడు మార్చాలో, ఫిల్టరు ఎప్పుడు మార్చాలో వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టేది కూడా ఆమే.

బండి సంగతులు అయ్యాక అతను గది సంగతి చెప్పేవాడు. కొండమీద పదకొండో మలుపు దాటాక లారీలు ఆగే చోటుందట. అక్కడ ఒక ముసలాయన అద్దెకిచ్చే గది, తెల్ల సున్నం గోడలు, నులక మంచం. కిటికీ తలుపు తీస్తే కింద సరస్సు. "పొద్దు వాలేటప్పుడు చూడాలి, నీళ్ళు తోమిన రాగి చెంబులా ఉంటాయి" అనేవాడు.

ఆ కిటికీ దగ్గర ఒక్క సాయంత్రం కూర్చోవాలని ఆమెకు ఎంత ఆశో. మంచంపట్టిన అత్తగారి పక్కబట్టలు మారుస్తున్నప్పుడు, పిల్లకి జ్వరమొచ్చి ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆమె మనసు ఆ కిటికీ దగ్గరికే వెళ్ళి కూర్చునేది. నన్నూ తీసుకెళ్ళండి అని ఎన్నిసార్లు అడిగిందో. అత్తగారు ఉన్నన్నాళ్ళు అమ్మని ఎవరు చూస్తారనేవాడు. తర్వాత పిల్ల చదువన్నాడు. ఆ తర్వాత, బండి నమ్మకంగా లేదు, ఇంజను పని అయ్యాక చూద్దామన్నాడు.

అత్తగారు వెళ్ళిపోయి మూడేళ్ళయింది. పిల్ల ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళింది. ఇంజను పని కూడా అయింది.

టీ గ్లాసు అందిస్తూ ఆమె ముందు రేడియేటరు మాట ఎత్తింది. ఇంజను బలం పెంచితే వేడీ పెరుగుతుందనీ, పాత రేడియేటరు అంత వేడిని తట్టుకోలేదనీ మేస్త్రీ నిన్ననే చెప్పాడు. అతను వచ్చే ట్రిప్పుకి చూద్దామన్నాడు.

"అయితే ఈ ట్రిప్పుకి నన్ను తీసుకెళ్ళండి" అంది.

"ఇప్పుడా? ఫుల్లు లోడుతో వెళ్తున్నా."

"మీరెప్పుడు ఖాళీగా వెళ్ళారు గనక?"

"ఆ సీటులో నువ్వు కూర్చోలేవే. నడుం పట్టేస్తుంది."

"నా నడుం సంగతి నేను చూసుకుంటాను. రేడియేటరైనా మార్పించండి, నన్నయినా తీసుకెళ్ళండి. రెండిట్లో ఒక్కటైనా వినండి."

అతనికి చిరాకొచ్చింది. "బండి ఒక్కసారి ఎక్కిన పాపాన పోలేదు గానీ, నాకు రేడియేటరు గురించి చెప్తావా?"

అనేశాక నాలిక కరుచుకున్నాడు. కానీ మాట అప్పటికే తగలాల్సిన చోట తగిలింది.

"ఎక్కనివ్వంది ఎవరు?" అంది ఆమె. గొంతు పెంచలేదు. ఖాళీ గ్లాసు కోసం కూడా ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అతను ఫోను చేస్తే ఆమె ఊ కొట్టి ఊరుకుంది. కొత్త టర్బో ఎలా లాగుతోందో చెప్పాడు. ఊ అంది. సిమెంటు లోడు కోసం కొండ కిందే ఆగిన రెండో రోజూ అంతే. అతను గది సంగతి ఎత్తలేదు, ఆమె అడగలేదు. ఫోను పెట్టేశాక మాత్రం ఇల్లంతా బోసిపోయినట్టనిపించింది ఆమెకు. కొట్లాట వాళ్ళకి కొత్త కాదు గానీ, మాట్లాడుకోకపోవడం కొత్త.

మూడో రోజు మధ్యాహ్నం బట్టలు మడత పెడుతుంటే ఫోను మోగింది. ఆ వేళప్పుడు అతనెప్పుడూ చెయ్యడు.

"వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేసిందే. తొమ్మిదో మలుపులో ఉన్నా. పక్కకి తీసి ఆపేశాను, ఇంజను కూడా కట్టేస్తున్నా."

"కట్టెయ్యకండి" అంది ఆమె. చేతిలో చీర కిందపడింది. "నీళ్ళు కారుతున్నాయా?"

"లేదు."

"అయితే ఇంజను కట్టెయ్యకండి. కట్టేస్తే నీళ్ళు తిరగడం ఆగిపోతుంది, ఇంజను పైనున్న హెడ్డు వంగిపోతుంది. న్యూట్రల్లో పెట్టి సన్నగా తిరగనివ్వండి. కేబిన్లో హీటరు పూర్తిగా తిప్పండి."

"ఈ ఎండలో హీటరా?"

"ఇంజను వేడి కాస్త మీరు పంచుకోండి. ఏం కాదు, కాసేపు ఉడకండి. రేడియేటరు మూత మాత్రం ముట్టుకోకండి."

ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు. అవతల ఇంజను చప్పుడు, మధ్యమధ్య అతని ఊపిరి. గోడ గడియారంలో పది నిమిషాలు గడిచాక, దిగుతోంది అన్నాడతను. ఇంకో ఐదు నిమిషాలకి, సగానికి వచ్చింది అన్నాడు.

"ఇదంతా నీకెవరు చెప్పారే?"

"ఒక ఎండాకాలం ఇలాగే అయినప్పుడు మీకు చెప్పమని మేస్త్రీ నాకు చెప్పాడు. నేను మీకు చెప్పాను. మీరు మర్చిపోయారు."

ఫోను పెట్టేశాకే ఆమె కిందపడిన చీర తీసి మళ్ళీ మడత పెట్టింది.

తిరిగొచ్చాక అతను మారు మాట్లాడకుండా పెద్ద రేడియేటరు వేయించాడు. మేస్త్రీ డీజిలు పంపు మర కూడా కొంచెం వెనక్కి తిప్పి, ఎంత బలం సరిపోతుందో అంతే ఉంచాడు. ఇక లోడుతో కొండ ఎక్కించి చూడాలన్నాడు. బండి నడిపేవాడు రోడ్డు చూసుకుంటాడు గనక, ప్రతి మలుపులో ముల్లు ఎక్కడుందో పక్కన కూర్చుని ఎవరైనా రాసుకోవాలన్నాడు.

"నువ్వే రా మేస్త్రీ" అన్నాడు భర్త.

"నా మోకాళ్ళు ఆ మెట్టెక్కవు. చెల్లెమ్మ ఉందిగా. ఈ బండి గుట్టంతా నాకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు."

దారి బాగోలేదని సణిగాడు భర్త. అప్పటికే ఆమె కాగితం, పెన్ను వెతుక్కుంటోంది.

మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరారు. కేబిన్లో డీజిలు వాసన, సీటులో గుచ్చుకునే స్ప్రింగు. ఆమెకు అన్నీ బాగున్నాయి. ఒకటో మలుపు, రెండో మలుపు, ముల్లు సగం దగ్గరే నిలబడింది. ఆమె చిన్నపిల్ల పరీక్ష రాసినట్టు ఒళ్ళు దగ్గర పెట్టుకుని కాగితం మీద రాసుకుంటోంది. బండి నెమ్మదిగా, ఒకే ఊపున ఎక్కుతోంది. అతను మాత్రం పైకి వెళ్ళేకొద్దీ మాటలు తగ్గించేశాడు.

పదకొండో మలుపు దాటింది. లారీ ఆగేలా కనిపించలేదు.

"ఇక్కడేగా?" అంది.

అతను ఆపాడు. కంకర పరిచిన ఖాళీ స్థలం, నేలంతా నల్లటి ఆయిలు మరకలు, రేకుల కింద ఒక టీ కొట్టు. అటుపక్క కొండరాళ్ళ గోడ. నీళ్ళ జాడే లేదు.

"గది ఏదండీ?"

అతను స్టీరింగు వంక చూస్తూ కూర్చున్నాడు. "లేదు."

"పడగొట్టేశారా?"

"ఎప్పుడూ లేదే."

అతను చెప్పుకొచ్చాడు. మొదటి ట్రిప్పులో అతను ఫోను చేస్తే, ఎక్కడ పడుకుంటున్నారని ఆమె అడిగింది. అమ్మ అప్పుడే మంచం పట్టింది, పిల్ల పాలు తాగే పిల్ల. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. ఈ సీటు మీద ముడుచుకుని పడుకుంటున్నానని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. గది దొరికిందన్నాడు. కిటికీలోంచి ఏం కనబడుతుందని అడిగితే నీళ్ళన్నాడు. ఆమె నవ్వింది. మర్నాడు తనే ఆ గది గురించి మళ్ళీ అడిగింది.

"నువ్వు నవ్వావని రోజుకింత చెప్పుకుంటూ పోయాను. నీకు చెప్తుంటే నేనూ అక్కడే పడుకున్నట్టుండేది. తీసుకొస్తే నీ గది పోతుందని భయం." ఇంజను వైపు చెయ్యి చూపించాడు. "బలం పెంచిందీ అందుకే. ఇక్కడ ఆగకుండా చీకటి పడేలోపు అటు దిగిపోతే, ఒక రోజు ముందు ఇల్లు చేరొచ్చని."

ఆమెకు ముందు కోపమొచ్చింది. ఇరవై రెండేళ్ళు తను కూర్చున్న కిటికీని ఎవరో గోడతో సహా పీకేసినట్టనిపించింది. తల తిప్పేసరికి సీటు వెనక మడత పెట్టిన దుప్పటి కనబడింది. వారం వారం తను ఉతికే దుప్పటే. ప్రతి వారం డీజిలు వాసన పోవడానికి రెండుసార్లు నానబెట్టేది. గదిలో కప్పుకునే దుప్పటికి ఆ వాసన ఎలా అంటుతుందని ఒక్కసారైనా అనుకోలేదు. అనుకోవాలనిపించలేదేమో.

"వానొస్తే?" అంది.

"అద్దాలెత్తి, సందుల్లో గుడ్డలు కుక్కేవాణ్ణి."

"చలికి?"

అతను ఆ దుప్పటి వైపు చూపించాడు. ఆమె దుప్పటి లాక్కుని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అతను దిగి వెళ్ళి రెండు గ్లాసుల టీ తెచ్చాడు. ఒకటి ఆమె చేతిలో పెట్టి, మొదటిసారి ఇంటికొచ్చిన చుట్టంలా సీటు అంచున కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళు ఒక్కరే ఇందులో..." అంది ఆమె. అతని చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. టీ చల్లారిపోయింది.

మళ్ళీ బయల్దేరి కొండకొమ్ము దాటారు. దిగువ వైపు తిరగగానే ఆమె అద్దం దగ్గరికి వంగి చూసింది. లోయంతా మేఘాలతో నిండిపోయి ఉంది. దూది పరిచినట్టు తెల్లగా, కదలకుండా. దాని మీద ఎండ పడుతోంది. అక్కడక్కడ కొండల తలలు మాత్రం పైకి తేలి కనబడుతున్నాయి. వాళ్ళు మబ్బులకంటే పైనున్నారు.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఎలా చెప్పాలో తెలిసేది కాదు. లేనిదైతే ఎలాగైనా చెప్పొచ్చు" అన్నాడతను బండి పక్కకి తీస్తూ. "ఇక్కడ చాలాసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఎప్పటికైనా నువ్వే చూస్తావులే అని పెట్టేసేవాణ్ణి."

ఆమె కాగితం డాష్‌బోర్డు మీద పడేసి, అతని వైపు జరిగి కూర్చుంది. ఆ ఇరుకు దారిలో వెనక ఎవరో దారివ్వమని హారన్ కొట్టేదాకా ఇద్దరూ కదల్లేదు.