మల్లె మోడు

రెడ్డిగూడెంలో కూతురి దగ్గర నుంచి పొద్దుటి బస్సుకే తిరువూరు వచ్చేసింది దీనమ్మ. సంచి గుమ్మంలో పెట్టి, కాఫీ కూడా తాగకుండా డాబా మీదకెక్కింది. కోడలు ఆరాధన చంకలో పిల్లాడితో వెనకాలే వెళ్ళింది.

చలికాలంలో డాబా మీది కుండీలో మల్లెకు నీళ్ళు మానేసి, ఆకంతా దూసేయడం దీనమ్మకు అలవాటు. ఈసారీ అలా దూసేసే కూతురింటికి వెళ్ళింది. అలా ఎండగడితేనే, మళ్ళీ నీళ్ళు పోయగానే చిగురేసి విరగబూస్తుంది. ఈస్టర్ తెల్లవారుజామున భర్త యోసేపు సమాధి మీద ఆమె పరిచేవి ఆ కుండీలో పూలే. ఆ మొక్కను పాతింది కూడా ఆయనే.

దీనమ్మ కొమ్మను గోటితో గీకింది. పెళుసుగా పొట్టు రాలింది. ఇంకాస్త కింద గీకింది. అక్కడా అంతే.

"పచ్చి తగలట్లేదే! చచ్చిపోయిందా ఏంటి?"

తల తుడుచుకుంటూ వచ్చిన కొడుకు జయకర్ నవ్వాడు. "శుక్లాల ఆపరేషన్ చేయించుకోమంటే వినవు. ఆకుతో పాటు బెరడు కూడా ఒలిచేసుంటావు. ఇంక మొక్కల జోలికి పోకమ్మా, నీకు కనపడదు."

"అంతేనేమోరా. పాడు కళ్ళు! ఆయన చెట్టును నా చేతులతో నేనే చంపుకున్నాను." కుండీ పక్కన చతికిలబడింది. "ఈసారి మీ నాన్నకి బజారు పూలే."

ఆరాధనకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్లాడి దగ్గుకు మంచిదని పక్కింటావిడ వామాకు కొమ్మ ఇస్తే, మల్లె ఎండిపోయిందనుకుని పీకి గోడవారగా పడేసి, ఆ కుండీలో అది గుచ్చింది. నిన్న అత్తగారు వస్తున్నానని ఫోన్ చేశాక భయమేసి, వామాకు తీసేసి మోడును మళ్ళీ పాతేసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. ఎవరూ అడగరు.

దీనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"మీ తప్పు కాదత్తయ్యా," అనేసింది ఆరాధన. "నేనే పీకేశాను. చచ్చిపోయిందనుకున్నా. మీరొస్తున్నారని మళ్ళీ పాతాను."

"బుద్ధుందా నీకు?" జయకర్ గొంతు పెంచాడు. దీనమ్మ చేత్తో ఆపింది.

"పీకినందుకు కాదే. తెలియక పీకావు. నా కళ్ళను నేను తిట్టుకుంటుంటే, వింటా నిలబడ్డావు చూడు..."

ఆరాధన పిల్లాణ్ణి భర్త చేతికిచ్చి కుండీ దగ్గర కూలబడింది. తలెత్తలేకపోయింది. "పిల్లాడి దగ్గుకు వామాకు పెట్టడం కోసమేనని చెప్పుకుందామనుకున్నా అత్తయ్యా. అదీ సాకే."

"మొదలు దగ్గర మట్టి తియ్యి," అంది దీనమ్మ. "వేరు దగ్గర గీకు. పచ్చగా ఉంటే బతికినట్టే. నాకు కనపడదు, నువ్వే చూడాలి."

ఆరాధన గీకింది. పొట్టు కింద సన్నటి పచ్చని చార.

"ఉందత్తయ్యా!"

"నిజంగానే ఉందా? నా ఏడుపు చూడలేక అంటున్నావా?"

ఆరాధన కళ్ళు నిండిపోయాయి. అత్తగారి చెయ్యి పట్టుకుని, వేలిని ఆ గీకిన చోట ఆనించింది.

దీనమ్మ కాసేపు వేలు అక్కడే ఉంచింది.

"తడి తగులుతోందే," అంది మెల్లగా. "ఇంకా కూర్చున్నావేంటి? లే, నీళ్ళు తే."