దించకూడని బుట్ట

వెనక లాంతరు వెలుగు.

గురవమ్మ పరిగెడుతోంది. నెత్తిన పూలబుట్ట. రెండు చేతులూ బుట్ట అంచుకే. కొంగు జారినా సర్దుకునే వీలు లేదు.

మల్లెచెట్ల మధ్య కాలిబాట. అడుగు పెడితే బురద. ఇంకా తెల్లవారలేదు.

"యెనక్కి సూడొద్దు వదినా," అంటాడు ముందు పోతున్న మునివెంకటప్ప. ఆమె మరిది. "జయరావు మనుషులు."

చూడకుండా ఉండలేకపోతుంది. చూస్తుంది.

వెలుగు ఊగుతోంది. ఒకసారి పైకి... ఒకసారి కిందికి. పట్టుకున్నవాడు కుంటుతున్నట్టున్నాడు.

"ఆగు..."

బొంగురు గొంతు. మనిషి గొంతులా లేదు.

గురవమ్మ ఇంకా జోరుగా అడుగేస్తుంది. ఈ గొంతు గలవాడే తన బిడ్డను పట్టుకున్నాడేమో. కొట్టాడేమో. కాలో చెయ్యో విరిచాడేమో. లేకపోతే...

లేకపోతే తర్వాతిది తలుచుకోదు. తలుచుకుంటే నిజమైపోతుందని ఆమె భయం.

నిన్న దీపాలు పెట్టే వేళ ఇద్దరు ఇల్లు కదిలారు. ఒకరు బావ కుప్పయ్య, చనిపోయిన ఆమె మొగుడికి అన్న. ఇంకొకరు ఆమె ఒక్కగానొక్క కొడుకు ధనంజయ. పద్దెనిమిదేళ్లవాడు. తిరుపతిలో వకీలును చూసి వస్తామన్నారు.

ఇద్దరూ రాలేదు.

రాత్రంతా ఆమె రెప్ప వెయ్యలేదు. మూడో జాము దాటాక లేచి బావి నీళ్లు తోడి తలకు పోసుకుంది. పూలు కోసింది. చేతులు కోస్తూనే ఉన్నాయి, చెవులు దారి మీదే ఉన్నాయి.

వచ్చింది మునివెంకటప్ప. జుట్టు తడితడిగా.

"అన్న మీద జయరావు మనుషులు పడినారంట వదినా. ధనంజయను యాడికో తీసకపోయినారంట. ఇప్పుడు కాగితం కోసరం నీ మీదికొస్తా ఉండారు. కాగితం తీస్కో. పద!"

"నా బిడ్డ..."

"కాగితం ఆఫీసుకు చేరితే వాళ్లే ఇడ్చిపెడ్తారు. యాడ పెట్టినావు కాగితం?"

"ఉండాది."

అంతే చెప్పింది. చీకట్లో ఏ చెట్టు చాటున ఎవడు వింటున్నాడో!

కాగితం ఆమె నెత్తి మీదే ఉంది. అరిటాకులో చుట్టి, పూల అడుగున.

*

ఆ కాగితం మీద ముప్పై ఎనిమిది వేలిముద్రలు. ఒక్క సంతకం. ఆ సంతకం గురవమ్మది. మల్లెతోపు పెద్దవాళ్లలో మూడో క్లాసు దాకా చదివింది ఆమె ఒక్కతే.

మద్రాసు మీద జపానువాడు బాంబులేస్తాడని రైళ్ల నిండా జనం వచ్చి తిరుపతిలో దిగుతున్నారు. అద్దెకు పశువుల కొట్టం దొరికినా చాలంటున్నారు. కంట్రాక్టరు జయరావు కన్ను మల్లెతోపు మీద పడింది. గోడకు గోడ ఆనించి అరవై మిద్దెలు కడతాడట.

తిరుపతి మునిసిపాలిటీ ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. తోట భూమిని ఇళ్ల స్థలంగా మారుస్తున్నారు. అభ్యంతరం ఉన్నవాళ్లు శుక్రవారం పగలు పదకొండు లోపల రాసి ఇవ్వాలి.

మల్లెతోపు అంతా కలిసి రాసిన అభ్యంతరమే ఆ కాగితం. ఈ రోజే శుక్రవారం.

అరవై మిద్దెల మురికినీళ్లు యాడికి పోతాయి? పల్లానికి. పల్లంలో ఏముంది? ఉన్న ఒక్క బావి. తోటకు ఆ నీళ్లే, గొంతుకూ ఆ నీళ్లే. నోటీసు చదివిన రోజు నుంచి గురవమ్మకు కలలో కలరా వస్తోంది. కలలో ప్రతిసారీ ముందు పడిపోయేది ధనంజయే.

అందరూ కలిసి జయరావు దగ్గరికి పోయి అడిగారు.

"మీ పూలు లేకపోతే దేవుడికి జరగదా? మద్రాసు నించి కాగితం పూలు తెప్పిస్తాలే," అని నవ్వాడు జయరావు.

"అట్లే నీ మిద్దెలు గూడా కాగితంతోనే కట్టుకో అబ్బా. వానకు తడిసినప్పుడు సూస్తాం," అన్నాడు కుప్పయ్య.

జయరావు నవ్వు ఆగిపోయింది. గురవమ్మకు ఆ రోజే భయం వేసింది.

*

కాలువ అడ్డం వస్తుంది.

మునివెంకటప్ప దూకాడు. గురవమ్మ దూకింది. అవతలి గట్టున కాలు జారింది...

బుట్ట వాలింది!

మునివెంకటప్ప పక్కనే ఉన్నాడు. చెయ్యి అడ్డం పెడితే చాలు.

పెట్టడు. ఒక అడుగు వెనక్కి వేస్తాడు.

గురవమ్మ మోకాలి మీద పడి, మెడ బిగించి, బుట్టను నిలబెట్టుకుంటుంది. మోకాలు చీరుకుపోయింది. పూలు మాత్రం నేల తాకలేదు.

"పట్టుకోలేకపోయినావా అబ్బా?"

"సూసుకోలేదు వదినా. పద పద."

చూసుకోకపోవడమేంది? కళ్లెదుటే కదా. అనుకుంటుంది గానీ అడగదు. వెనక వెలుగు కాలువ దాకా వచ్చేసింది.

దేవుడి పూల మీద మునివెంకటప్పకు ఉన్నంత పట్టింపు తోపులో ఎవరికీ లేదు. గోవిందరాజస్వామి గుడికి ఇరవై ఏళ్లుగా బుట్ట మోస్తున్నాడు. పోయిన ఏడు నగరి అవతల దాయాదుల ఇంట్లో పసిబిడ్డ పోయిందని నడిరోడ్డు మీద కబురు తెలిసింది. విన్న క్షణమే నెత్తి మీది బుట్ట కింద పెట్టేశాడు. మైల తెలిసిన చేతులతో స్వామి పూలు తాకకూడదన్నాడు. పది రోజులు మొగ్గ కూడా ముట్టలేదు.

స్వామి బుట్ట దారిలో దించారంటే ఇంట్లో చావే. ఈ దారిలో అందరికీ తెలిసిన సంగతి.

*

తిరుచానూరు రోడ్డు. తూర్పున తెలుపు.

రోడ్డు పక్కన సంతోషమ్మ దోసెల పొయ్యి వెలిగింది. పూలు తెచ్చినవాళ్లు, పాలు తెచ్చినవాళ్లు పదిమంది దాకా చుట్టూ కూర్చున్నారు. వాళ్లను చూసి గురవమ్మకు కొంచెం ఊపిరి వస్తుంది.

ఆ ఊపిరి అక్కడే ఆగిపోతుంది.

తిరుపతి వైపు, యాభై గజాల దూరంలో కారు. జయరావు కారు. దాని ముందు ఇద్దరు. చేతుల్లో కర్రలు. పోయే ఆడవాళ్లందరి ముఖాలూ చూసి పంపుతున్నారు.

ముందు వాళ్లు. వెనక లాంతరు.

"ఇంక ఆలోచన చెయ్యొద్దు వదినా," మునివెంకటప్ప గొంతు తగ్గిస్తాడు. "కాగితం నాకియ్యి. నేను తీసకపోతా."

గురవమ్మకూ అదే తోచింది. ఇంకా మంచి ఉపాయం కూడా తోచింది.

"వాళ్లు నన్ను పట్టుకుంటారు గానీ స్వామి బుట్టలో చెయ్యి పెట్టరు," అంటుంది చెవి దగ్గర. "నువ్వు బుట్టెత్తుకోని పో. కాగితం పూల కిందుండాది."

మునివెంకటప్ప కళ్లు బుట్ట మీదికి లేస్తాయి.

రాత్రి నుంచి వెతుకుతున్నది... ఇంతసేపూ పక్కనే, మూరెడు దూరంలో!

రెండు చేతులూ పైకి వస్తాయి. బుట్ట దాకా వస్తాయి.

ఆగిపోతాయి.

చేతులు కిందికి దిగిపోతాయి.

"కాగితం మటుకు తీసియ్యి వదినా. బుట్ట వద్దు."

"ఏం? తలకు పోసుకోనే వచ్చినావు కదా?"

"పోసుకున్యా."

"మరి ఎత్తుకో."

"నేను ముట్టకూడదు."

"నిన్న మాపిటేళ నువ్వే కదా మోసింది?"

మునివెంకటప్ప కారు వైపు చూస్తాడు.

గురవమ్మ అతని తడి జుట్టు చూస్తుంది. కాలువ గట్టున వెనక్కి వేసిన అడుగు గుర్తొస్తుంది.

మైల.

దాయాదుల్లో చావు. ఇతనికి తెలిసిన చావు. తెలిసీ తనకు చెప్పని చావు.

ఇంటికి రానివాళ్లు ఇద్దరే.

ఇద్దరిలో ఎవరు?

చేయగలిగింది ఒక్కటే. పెళ్లై ఈ ఊరికొచ్చిన ఇన్నేళ్లలో ఒక్కసారీ తనంతట తాను చేయని పని.

దారి మధ్యలో నెత్తి మీది బుట్ట దించుతుంది. నేల మీద పెడుతుంది.

పొయ్యి దగ్గర మాటలన్నీ ఆగిపోతాయి. సంతోషమ్మ అట్లకాడ పట్టుకునే లేచి వస్తుంది.

"ఏమ్మే గురవమ్మా, బుట్ట దించినావేమే? ఎవురు పోయినారు?"

"నాకు తెలీదక్కా. మా మరిదికి తెలుసు."

పదిమంది కళ్లూ మునివెంకటప్ప మీద.

"చెప్పబ్బా. బావనా? నా బిడ్డనా?"

"వదినా... నువ్వు ముందు బుట్టెత్తు..."

"నా బిడ్డనా?"

ఆమె ముఖం చూడలేకపోయాడో, మాట నోరు దాటిపోయిందో.

"పిల్లోడు కాదు వదినా."

అందరూ విన్నారు.

తానేమన్నాడో మునివెంకటప్పకు అప్పుడు తెలిసింది.

"అన్న... అన్న బావి కాడ కాలు జారి..."

"జారిపడితే కేకెయ్యవా?" సంతోషమ్మ అడుగు ముందుకేస్తుంది. "శవాన్ని బావిలో పెట్టుకోని, ఈమెతో కాగితం వెతకతా ఉండావా?"

బావిలో.

తెల్లవారుజామున ఆ బావి నీళ్లే గురవమ్మ తలకు పోసుకుంది. చీకట్లో చేద దేనికో తగిలి ఆగింది. తాడు విదిలించి తోడుకుంది...

మునివెంకటప్ప వంగాడు!

బుట్ట నేల తాకింది. ఇక అవి దేవుడి పూలు కావు. ఎవడైనా ముట్టొచ్చు.

మోచేతి దాకా పూలలోకి చెయ్యి దూర్చాడు. అరిటాకు పొట్లం బయటికొచ్చింది. ఇంకో చేతిలో నడుము నుంచి తీసిన తోట కత్తి.

"దగ్గిరికి రావద్దండి."

కత్తి తిప్పుతూ వెనక్కి నడుస్తున్నాడు. కారు వైపు.

"దేనికి అబ్బా ఇది?" గురవమ్మ అడుగుతుంది. "నువ్వు గూడా ఏలిముద్ర ఏసినావు కదా. అన్న ఎనకాలే, రెండోది నీదే కదా."

"మూల మిద్దె నాదే అన్నాడు జయరావు. మిద్దె వదినా! సచ్చేదాకా ఈ బురదలోనే ఉండమంటావా?"

అవతల కారు ఇంజను మోగుతుంది.

ఇంక పది అడుగులు. ఐదు...

"ఆగు చిన్నాయనా."

బొంగురు గొంతు.

తోటలోంచి అడ్డం పడి వచ్చి, అతని వెనకనే లాంతరు!

నెత్తి నుంచి కాలి దాకా తెల్లగా ఒక ఆకారం. వెంట్రుకలు తెలుపు. కనురెప్పలు తెలుపు. చచ్చినవాడే లేచి వచ్చాడనుకుంటుంది గురవమ్మ.

మునివెంకటప్ప తిరిగాడు. లాంతరు గాలిలో తిరిగి అతని మణికట్టు మీద పడింది. గాజు పగిలింది. కత్తి ఒకవైపు, పొట్లం ఒకవైపు.

పాలవాళ్లు మీద పడిపోయారు. నలుగురు చేతులు, ఇద్దరు కాళ్లు.

అంతమందిని చూసి కర్రలవాళ్లు ముందుకు రాలేదు. కారు వెనక్కి తిరిగింది. కర్రలవాళ్లను కూడా ఎక్కించుకోకుండా దుమ్ములో కలిసిపోయింది.

తెల్లటి ఆకారం కుంటుకుంటూ గురవమ్మ ముందుకొచ్చింది. ముంజేతుల మీద తాళ్ల గీతలు. ఒళ్లంతా సున్నం.

"అమా."

ఆమె రెండు చేతులతో ముఖం తడుముతుంది. ముక్కు. చెవులు. గడ్డం కింద చిన్నప్పటి మచ్చ. సున్నం కింద ఉన్నది వెచ్చటి మనిషే.

"జయరావు సున్నం కొట్టంలో కట్టేసినారు మా. గొంతంతా కాలిపోయింది." ధనంజయ దగ్గుతాడు. "పెదనాయన్ను తోసింది ఈయనే. నేను సూసినా. కట్లు తెంపుకోని నీ ఎనకాలే వస్తా ఉండా. ఆగు ఆగు అని పిలస్తానే ఉండా. పిలిచేకొద్దీ పరిగెత్తుతావేందిమా!"

ఆమె తోటలో, కాలువ మీద, బురదలో, ప్రాణం అరచేత పట్టుకుని పారిపోయింది... ఈ గొంతు నుంచి.

సంతోషమ్మ పొట్లం తీసుకొచ్చి అరిటాకు విప్పుతుంది. కాగితం తడవలేదు. మొదటి వేలిముద్ర కుప్పయ్యది. కాటుకంత నల్లగా ఉంది.

"పదకొండుకు శానా పొద్దుండాది," అంటుంది. "పదండి. ఆ కర్రలోళ్లను దాటేదానికి మేమందరం వస్తాం. ఇది ఎవురు పట్టుకుంటారు?"

ధనంజయ చెయ్యి చాస్తాడు.

గురవమ్మ ఆ చెయ్యి పట్టుకుంటుంది. వదలదు. రెండో చెయ్యి కాగితం కోసం చాస్తుంది.