పైనుంచి తీసిన ఆఖరి వీడియో

డ్రోన్ మాయమైంది.

తార్నాకలో, యూనివర్సిటీ స్టాఫ్ క్వార్టర్స్, మూడో అంతస్తు. తాళం పగల్లేదు. లాప్‌టాప్ ఉన్నచోటే ఉంది. బీరువా మీది డ్రోన్ ఒక్కటే నిన్న పొద్దుటి నుంచి లేదు.

క్యాంపస్‌లో డ్రోన్ పోయిందంటే పోలీసులకు కంటి మీద కునుకుండదు. అందుకే ఎస్సై పద్మశ్రీ స్వయంగా వచ్చింది. తీరా వస్తే, ఇది వేరే బాధ.

"డ్రోన్ పోతే పోనీ మేడమ్. దాంట్ల మెమరీ కార్డ్ కావాలె," అంది పదమూడేళ్ల స్నిగ్ధ. "మా డాడీ ఆఖరి వీడియో గదే. కాపీ చేసుకోలే."

తండ్రి రఘువీర్ ఇక్కడే లెక్చరర్. నెల క్రితం గుండెపోటుతో పోయాడు. ఆయనున్నప్పుడు సాయంత్రమైతే ఇల్లంతా టెర్రస్ మీదే. ఆయన ఎగరేయడం, కూతురు కేకలు పెట్టడం, భార్య మనీషా "చెట్టుకు తగుల్తది" అని తిట్టడం, తల్లి భూదేవి ఓ పక్కన కూర్చుని చూడడం. ఆయన పోయాక కూడా తల్లీకూతుళ్లు రోజూ పొద్దునా సాయంత్రం ఎగరేస్తూనే ఉన్నారు. మిగిలిన సంతోషం అదొక్కటే మరి.

"ఎవరి మీదన్నా డౌట్ ఉందా?"

"కింది ఫ్లాట్ సంజీవ్ సార్. చప్పుడైతుందని ఒకటే లొల్లి," అంది మనీషా.

సంజీవ్‌ను పిలిచారు.

"నిన్న పొద్దున ఎక్కడున్నారు?"

"వరంగల్‌లో మేడమ్. ఎగ్జామ్ డ్యూటీ. రాత్రే వచ్చిన."

అది నిజమేనని ఒక్క ఫోన్‌తో తేలింది. గేటు దగ్గరి సీసీటీవీ చూసింది. బయటివాళ్లెవరూ రాలేదు. పద్మశ్రీ టెర్రస్ ఎక్కింది. పిట్టగోడ దగ్గర చాలాసేపు నిలబడింది. కిందికొచ్చి ఇంట్లోవాళ్లందరినీ హాల్లో కూర్చోబెట్టింది.

"దొంగైతే రిమోట్ వదలడు. రిమోట్, చార్జర్ ఇక్కడే ఉన్నాయి. అంటే తీసినవాళ్లకు డ్రోన్ అక్కర్లేదు. అది ఎగరకపోతే చాలు. అందరూ తాళమే చూశారు, పిట్టగోడ చూడలేదు. అక్కడ ఆకుల్లో అన్నం ఉంది. పాతదంతా ముట్టకుండా ఎండిపోయింది. ఇవాళ్టి ఆకు మాత్రం ఖాళీ. పక్కనే కాకి రెట్ట."

రఘువీర్ తల్లి భూదేవి వైపు తిరిగింది. గొంతు తగ్గించింది.

"అవ్వా, కొడుకు పోయిన మూడో దినం పిట్టకు పెడితే కాకి ముట్టలేదు కదా?"

ముసలామె బావురుమంది.

"ముట్టలే బిడ్డా. అప్పటిసంది దినాం పెడ్తున్న. గా మిషన్ చప్పుడుకు కాకులు దగ్గరికే వస్తలేవు. నా కొడుకు ఆకలితోని తిరుగుతున్నడనుకున్న. నీ ఆటకే మీ నాయిన పస్తులుంటున్నడని పసిదానికి ఎట్ల చెప్పాలె?"

డ్రోన్ ఆమె ట్రంకుపెట్టెలో, కొడుకు తువ్వాలలో చుట్టి ఉంది. కార్డు భద్రంగా ఉంది. పద్మశ్రీ కేసు రాయలేదు. ఏమని రాస్తుంది?

స్నిగ్ధ ఆ వీడియో ఫోన్‌లో పెట్టింది. పైనుంచి టెర్రస్. నలుగురు మనుషులు. భూదేవి కళ్లద్దాలు సర్దుకుని వంగింది.

"నా కొడుకేడి?"

"గీడ, నానమ్మా. చెయ్యి ఊపుతున్నడు చూడు."

నలుసంత మనిషి. ఆమె వేలితో నిమిరింది. వీడియో ఆగిపోయింది. ఊపే చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

భూదేవి ఉలిక్కిపడి వేలు వెనక్కి తీసుకుంది.

"అయ్యో, నేనే ఆపిన్నా బిడ్డా? నేనే ఆపిన్నా?"

స్నిగ్ధ నానమ్మను గట్టిగా పట్టుకుని ఏడ్చింది.