సుత్తి పడేదాకా

దేశాల సభలో మాటలు అనువదించే దుభాషిని లిఫ్టులోనే చంపేశారు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప రక్తపు చుక్క లేదు.

"ఆ సీటులో ముఠా మీ ఆవిణ్ణి కూర్చోబెడుతోంది" అన్నాడు చీఫ్, ఏజెంటుతో. "ఆమె మన డబుల్ ఏజెంటని వాళ్ళకింకా తెలీదు. దేశాల సభ ఇవాళ మధ్యలో ఆగిపోవాలట. అదీ వాళ్ళ ప్లాన్."

"ఆగితే ఏమవుతుంది సార్?"

"శరణార్థుల శిబిరాన్ని కాస్తున్న శాంతిసేన గడువు ఇవాళ్టితో సరి. ఆ సభకు సొంత సైన్యం లేదోయ్, దేశాలనడిగి తెచ్చుకున్నదే. జైలూ లేదు. ఉన్నదల్లా అధ్యక్షుడి చేతిలో చెక్క సుత్తి. 'అభ్యంతరం ఉందా?' అంటాడు. ఎవరూ నోరెత్తకపోతే సుత్తి పడుతుంది, గడువు పెరుగుతుంది. పడలేదో, సేన వెనక్కి, ఆయుధాలమ్ముకునే ముఠా ముందుకి. శిబిరం నిండా పిల్లాపాపలే."

ఏజెంట్ మంచినీళ్ళిచ్చే అటెండర్ వేషంలో దుభాషుల గాజుగదికి వెళ్ళాడు. లోపల ఆమె: సిల్కు స్కార్ఫు, ఎర్రటి లిప్‌స్టిక్. మూడేళ్ళ తరవాత భార్యను చూడటం అదే.

"గొడుగు తెచ్చారా?" కోడ్ అడిగింది.

"వాన నీతోనే వచ్చిందిగా."

"చిక్కిపోయారు. వంట ఇంకా నేర్చుకోలేదా?" నవ్వబోయి ఆగింది. "నా సంగతి బయటపడిపోయిందండీ. బ్యాగు అడుగున విషవాయువు డబ్బా పెట్టి కుట్టేశారు. ఇప్పుడే చూశాను. టైమర్ నడుస్తోంది."

"ఇటివ్వు, బయట పారేస్తా."

"కదిపితే పేలుతుంది."

అతన్ని బయటికి నెట్టి గడియ వేసుకుంది. స్కార్ఫు తీసి గాలి కంతలో కుక్కింది. చప్పుడు కాదు కదా, ఇక గాలి కూడా ఆ గది దాటదు.

అతను చెవిలో దాచుకున్న ఇయర్‌ఫోన్‌లో మాత్రమే ఆమె గొంతు: "నేను సీటు వదిలినా, మీరు అరిచినా సభ ఆగిపోతుంది. పెళ్ళయ్యాక ఒక్కసారైనా నా మాట వినండి."

వేదిక మీద అధ్యక్షుడు సుత్తి ఎత్తాడు. ఆయన ప్రశ్నను ఆమె తొణక్కుండా అనువదించి అందరి చెవుల్లో పలికింది.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

అడుగుతూ అతన్నే చూసింది. నోటిదాకా వచ్చిన కేకను అతను మింగేశాడు.

సుత్తి పడింది. గాజు వెనక విషవాయువు తెల్లగా కమ్మేసింది. "తీర్మానం ఆమో..." దగ్గర ఆమె గొంతు ఆగిపోయింది.

సాయంత్రం చీఫ్ భుజం మీద చెయ్యి వేశాడు. "ముఠా దొరికింది. శిబిరం నిలబడింది. ఏకగ్రీవమోయ్! సభలో ఒక్కరూ నోరెత్తలేదు."

ఆమె తాగని నీళ్ళ గ్లాసు ఇంకా అతని ట్రేలోనే ఉంది.

"అవును సార్. నేనూ ఎత్తలేదు."