బురుజు గదిలో మూలపురుషుడు

ఆ మేడకి ఉత్తరం వైపున్న బురుజు గది పేరెత్తితే చాలు, పనివాళ్ళు పక్కకి తప్పుకునేవారు. పట్టపగలైనా ఎవరూ ఆ గడప తొక్కేవారు కాదు. పొద్దుగూకాక లోపల ఎవరో తిరుగుతారని, చెప్పుల చప్పుడు వినిపిస్తుందని చెప్పుకునేవారు.

మేడ యజమాని చిన్నదొర మాత్రం ఆ మాట వింటే మీసం మెలేసేవాడు. తిరిగేది ఉత్త దెయ్యం కాదట — ఏడువందల ఏళ్ళ కిందట కత్తి దూసి ఈ మేడని గెలుచుకున్న మూలపురుషుడట! దెయ్యాల్లో కూడా హోదా చూసుకునే వంశం మరి.

చిక్కల్లా ఒక్కటే. ఏ యుద్ధంలో గెలిచాడో ఎవరికీ తెలీదు. తెల్లారితే ఊరి పెద్దలందరి ఎదుటా సింహద్వారం మీద ఆ యుద్ధం పేరు చెక్కించాలి. లేకపోతే తలెత్తుకు తిరగడం కష్టం.

అందుకే ఆ రాత్రి దీపం పట్టుకుని బురుజు గదికి బయల్దేరాడు.

"ఏవండీ... ఏదో ఒక పేరు పెట్టేసుకోకూడదూ?" గుసగుసగా అడిగింది భార్య.

"తాతగారే ఉండగా అబద్ధం దేనికే?"

తలుపు తోశాడు. చల్లటి గాలి... దీపం ఆరిపోయింది. చీకట్లో — చెప్పుల చప్పుడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి... చిన్నదొర చేతులు కట్టుకున్నాడు.

"తాతగారూ... తమరు ఏ యుద్ధంలో..."

"యుద్ధమా?" చెవి పక్కనే ముసలిగొంతు. "యుద్ధానికి దొరలెళ్ళారు నాయనా. నేను గుర్రపుశాలలో లద్ది ఎత్తేవాణ్ణి. వచ్చేదాకా ఇల్లు చూస్తూ ఉండమని తాళాలు నాకిచ్చారు."

"మరి... వాళ్ళు తిరిగి రాలేదా?"

"ఎదురుచూసి ఎదురుచూసి నేనే పోయాను. మా అబ్బాయి దొరగారి మంచమెక్కాడు. దిగరా అంటే దిగాడా వెధవ!"

ఇన్ని తరాల గొప్పతనమంతా ఇల్లు ఖాళీ చెయ్యకపోవడమేనన్నమాట! చిన్నదొర సిగ్గుతో చచ్చిపోయాడు — అదీ ఒక్క క్షణమే. విన్నది తనొక్కడే కదా, ఏదో ఒక పేరు చెక్కించేస్తే సరి, అనుకుంటూ వెనక్కి తిరిగాడు.

అప్పుడు వినిపించింది... కింద, సింహద్వారం దగ్గర — గుర్రాల డెక్కల చప్పుడు. ఒకటి కాదు, రెండు కాదు.

"హమ్మయ్య, వచ్చేశారు!" అంది ముసలిగొంతు సంబరంగా. "పద నాయనా, కళ్ళేలు పట్టుకోవాలి."

తెల్లారి పెద్దలు వచ్చేసరికి చిన్నదొర గుర్రపుశాలలో ఉన్నాడు. నెత్తిన తట్ట. పలకరిస్తే నోటి మీద వేలేసుకున్నాడట — "మెల్లగా... దొరలు పడుకున్నారు."

పిచ్చెక్కిందనుకున్నారు అందరూ. కానీ ఆ మేడలో గుర్రమన్నది లేక ఎన్నో తరాలైంది... తట్టలో లద్ది మాత్రం ఇంకా పొగలు కక్కుతోంది.